తప్పు మీటదా, వేలిదా?

విద్యార్థి సంఘం మిత్రులు ఈ సావనీరుకు ఏదో ఒకటి రాసివ్వమని వచ్చినప్పుడు, "ఏదన్నా పెద్ద సమస్య మీద రాయండి సార్" అన్నారు. కరువు మీద, కాలువ నీళ్ళ మీద, నిరుద్యోగం మీద నాకంటే బాగా రాయగలవాళ్ళు ఈ సంచికలోనే నలుగురైదుగురు ఉంటారు. నేను మాత్రం చిటికెనవేలి గోరంత వస్తువును గురించి రాస్తాను. పాటలు వినే యంత్రం మీద ఉండే మీట అది. ఇంత చిన్నదానికి ఇంత రాద్ధాంతం దేనికని నవ్వేవాళ్ళు, చివరిదాకా చదివి నవ్వితే నాకేమీ అభ్యంతరం లేదు.

మొన్న కర్నూలు నుంచి కడపకు బస్సులో వస్తున్నాను. నంద్యాలలో ఒక పెద్దాయన ఎక్కి నా పక్కన కూర్చున్నాడు. తెల్లపంచె, భుజాన తువ్వాలు, చెవుల్లో మనవడు కొనిచ్చిన ఇయర్‌ఫోన్లు. వైరు మధ్యలో చిన్న బటన్ ఉంది. ఆళ్ళగడ్డ దాకా నాటకం పద్యాలు హాయిగా విన్నాడు. నేనేదో అడిగితే ఆ బటన్ నొక్కాడు, పద్యం ఆగింది. జవాబు చెప్పి మళ్ళీ నొక్కాడు, పద్యం వచ్చింది. "బలే ఉండాది గదా" అని నాకు చూపించి మురిసిపోయాడు కూడా.

చాగలమర్రి దాటినాక కూతురు ఫోన్ చేసింది. చెవిలో గంట మోగుతుంటే దాన్ని ఆపుదామని ఆయన బటన్ నొక్కాడు. గంట ఆగి కూతురు మాట వినబడింది. సరే, మాట్లాడుతున్నాడు. ఇంతలో ముందు సీటు ఆయన ఏదో అడిగాడు. పద్యాన్ని ఆపినట్టే కూతుర్ని కూడా కాసేపు ఆపుదామని మళ్ళీ బటన్ నొక్కాడు. ఫోన్ కట్టయిపోయింది. ఆ పిల్ల మళ్ళీ చేసింది. ఈయన కంగారులో రెండుసార్లు నొక్కాడు, మళ్ళీ కట్. మూడోసారి గట్టిగా అదిమి పట్టుకున్నాడు. "ఎవరో ఆడమనిషి ఇంగ్లీషులో ఏందో అడగతాంది, చూడు సామీ" అని ఫోన్ నా చేతికిచ్చాడు.

వెనక సీటులో కుర్రవాడు, మన కాలేజీ వాడే అయి ఉంటాడు, నవ్వుతూ "తాతా, నీకు నొక్కేది రాదు" అన్నాడు. పెద్దాయన ముఖం చిన్నబుచ్చుకుని, "మనకు సదువు లేదు గదప్పా" అన్నాడు.

ఆ ఒక్క మాటే నన్ను ఈ వ్యాసం రాయడానికి కూర్చోబెట్టింది. ఆయన తప్పేముంది? పాట వినేటప్పుడు ఆ బటన్‌కు "కాసేపు ఆగు" అని అర్థం. గంట మోగేటప్పుడు "మాట్లాడతాను" అని అర్థం. మాట్లాడేటప్పుడు "ఇక చాలు" అని అర్థం. పాటలో రెండుసార్లు నొక్కితే తర్వాతి పాట, మూడుసార్లు నొక్కితే వెనకటి పాట, అదిమి పట్టుకుంటే ఫోన్‌లోని సహాయకురాలు. ఉన్నది ఒక్క బటన్. ఏ సమయంలో ఏ అర్థమో ఆ బటన్ మీద ఎక్కడా రాసిలేదు. నిఘంటువు మొత్తం వాడేవాడి తలలో ఉండాలి.

ఇంకా తమాషా ఏమిటంటే, ఆ బటన్‌కు కూడా తానేం చేస్తోందో తెలియదు. వైరు ఇయర్‌ఫోన్లలో ఆ బటన్ చేసే పని ఒక్కటే: మైకు తీగను క్షణంసేపు ఎర్త్ తీగకు కలుపుతుంది. అంతే. ఆ "టక్" అనే సంకేతాన్ని ఫోన్ పసిగట్టి, ఇప్పుడు నేను పాట పాడుతున్నానా, గంట కొడుతున్నానా, మాటలు మోస్తున్నానా అని చూసుకుని అర్థం చెప్పుకుంటుంది. వైరు లేని బ్లూటూత్ వాటిలో సంకేతం గాలిలో పోతుంది గాని కథ అదే. నొక్కేది మనమే అయినా అర్థం నిర్ణయించేది మరొకడు. యంత్రం ఉన్న ఈ స్థితినే ఇంజనీర్లు "మోడ్" అంటారు. మీట ఒకటే, మోడ్ మారితే ఫలితం మారుతుంది.

ఈ జబ్బు ఇప్పుడు పుట్టింది కాదు. నలభై ఏళ్ళ కిందట మా ఇంట్లోనే ఒక మీట చేసిన పనిని చెప్తాను. ఇన్నేళ్ళలో దాన్ని నేను ఎక్కడా రాయలేదు.

1986లో మా చిన్నాయన కువైట్‌లో ఉండేవాడు. అప్పటి కడప జిల్లాలో కువైట్‌కు మనిషిని పంపని ఊళ్ళు తక్కువ. రాయచోటి, రాజంపేట వైపు అయితే చెప్పనక్కరలేదు. ఆయన సెలవులో వచ్చినప్పుడు ఒక టూ-ఇన్-వన్ తెచ్చాడు. రేడియో, టేపు రెండూ ఒకే పెట్టెలో. అంతకుముందు మా ఇంట్లో పాత ట్రాన్సిస్టర్ ఉండేది. దాన్ని ఆపాలంటే వాల్యూం నాబ్‌ను పూర్తిగా వెనక్కి తిప్పాలి. చివరన "టిక్" అని చప్పుడయ్యేది. ఆ చప్పుడు వింటే రేడియో ఆగినట్టు. 1963లో మొదలైన కడప ఆకాశవాణి కేంద్రం మా నాయనకు ఎంత అలవాటో, ఆ "టిక్" కూడా అంత అలవాటు.

టూ-ఇన్-వన్‌కు ఆ "టిక్" లేదు. దాని వాల్యూం నాబ్ చప్పుడును తగ్గిస్తుందే గాని రేడియోను ఆపదు. ఆపడానికి పైన వేరే స్విచ్చి ఉంది. అటు జరిపితే రేడియో, ఇటు జరిపితే టేపు. టేపు వైపు జరిపి ఏ మీటా నొక్కకుండా వదిలేస్తే అదే "ఆపడం". ఆ మాట పెట్టె మీద ఇంగ్లీషులో కూడా సరిగ్గా లేదు, ఇక తెలుగులో ఎక్కడిది?

చిన్నాయనకు చదువు అంతంత మాత్రం. మా జేజికి అసలు లేదు. అందుకని ఉత్తరాల బదులు క్యాసెట్లు పోతూ వస్తూ ఉండేవి. గల్ఫ్ పోయినవాళ్ళ ఇళ్ళలో అది మామూలే. ఆ ఏడాది వానాకాలంలో మా ఊరివాడొకడు కువైట్ పోతున్నాడు. రాత్రికి కడపలో బొంబాయి రైలెక్కాలి. సాయంత్రం వచ్చి, "ఏమన్నా ఇచ్చేదుంటే బిన్నా ఇయ్యండి" అన్నాడు. జేజిని పంచలో కూర్చోబెట్టి టూ-ఇన్-వన్ ముందు పెట్టాను. నేను బి.ఎస్సీ. చదువుతున్నాను. ఫిజిక్సు నా సబ్జెక్టు. ఇంట్లో ఆ పెట్టెకు నేనే పూజారిని.

క్యాసెట్ పెట్టి రికార్డు మీట, ప్లే మీట రెండూ కలిపి నొక్కాను. చక్రాలు తిరిగాయి. ఎర్రదీపం వెలిగే ఉంది. జేజి నా వైపు చూసి, "ఏమిరా, ఇది ఇంటాండాదా?" అంది. "ఇంటాంది జేజీ, నువ్వు చెప్పు" అన్నాను. ఆమె అరగంట చెప్పింది. వాన పడిందని చెప్పింది, చెనిక్కాయలు విత్తినామని చెప్పింది, ఎనుము ఈనిందని చెప్పింది. చిన్నాయన చిన్నప్పుడు ఆమె ఒళ్ళో పడుకుని పాడించుకునే పాట ఒకటుండేది. అది పాడింది. మధ్యలో గొంతు జీరపోతే ఆగి, కొంగుతో మొహం తుడుచుకుని మళ్ళీ పాడింది. ఒకవైపు పూర్తి కాగానే మీట "టక్" అని పైకి లేచింది. క్యాసెట్ తీసి గుడ్డలో చుట్టి ఆ మనిషి చేతిలో పెట్టాను. వెనక్కి తిప్పి వినే తీరిక లేదు. బస్సుకు టైమైంది.

రెండు నెలలకు చిన్నాయన ఎవరితోనో రాయించిన ఉత్తరం వచ్చింది. "అమ్మ మాట ఒక్కటీ లేదు. అంతా రేడియోనే ఉంది. చెనిక్కాయ చేనుకు ఎర్రగొంగళిపురుగు పడితే ఏం మందు కొట్టాలో చెప్తున్నారు" అని అందులో ఉంది.

జరిగింది అప్పుడు అర్థమైంది. ఆ సాయంత్రం మా నాయన రేడియో వింటూ, మనిషి రాగానే అలవాటు ప్రకారం నాబ్‌ను వెనక్కి తిప్పేసి లేచాడు. చప్పుడు పోయింది, రేడియో పోలేదు. స్విచ్చి రేడియో వైపే ఉండిపోయింది. స్విచ్చి టేపు వైపు ఉంటే రికార్డు మీట మైకులోని మాటను పట్టుకుంటుంది. రేడియో వైపు ఉంటే అదే మీట రేడియోను పట్టుకుంటుంది. రికార్డు అయ్యే మోతాదుకు వాల్యూం నాబ్‌తో సంబంధం లేదు. బయటికి ఏమీ వినబడకపోయినా లోపల రేడియో నిండుగా టేపు మీదికి ఎక్కుతూనే ఉంటుంది. ఆ ఎర్రదీపం రేడియోకైనా వెలుగుతుంది, రికార్డుకైనా వెలుగుతుంది. జేజి అరగంట సేపు చెప్పింది చెవిటిదానికి.

ఆ ఉత్తరం వచ్చేటప్పటికి జేజి లేదు.

మిత్రులారా, జాలి కోసం ఇది చెప్పలేదు. ఒక ప్రశ్న అడగడానికి చెప్పాను. తప్పెవరిది? నాబ్ తిప్పిన మా నాయనదా? ఇరవై ఏళ్ళు నాబ్ తిప్పితే రేడియో ఆగింది. యంత్రం నేర్పిన పాఠమే ఆయన పాటించాడు. స్విచ్చి చూసుకోని నాదా? నాదే అని చాలా ఏళ్ళు అనుకున్నాను. కాని నేను చదువులేనివాణ్ణి కాను గదా. టేపు మీద అయస్కాంత కణాలు ఎట్లా నిలబడతాయో పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి. బస్సులో పెద్దాయనకు చదువు లేక తప్పు జరిగితే, నాకు చదువుండీ ఎందుకు జరిగింది? అంటే లోపం చదువులో లేదన్నమాట. ఒకే మీటకు రెండు అర్థాలు పెట్టి, ఏ అర్థంలో ఉన్నదీ కంటికి, చెవికి, వేలికి తెలియకుండా దాచిపెట్టిన చోట ఉంది.

నా మాటకు పెద్ద ఉదాహరణ కావాలంటే ఉంది. 1992 జనవరి 20న ఫ్రాన్సులో లియోన్ నుంచి స్ట్రాస్‌బర్గ్ పోతున్న ఎయిర్‌బస్ ఎ-320 విమానం కొండకు కొట్టుకుంది. 96 మందిలో 87 మంది చనిపోయారు. ఆ విమానంలో కిందికి దిగే తీరును నిర్ణయించడానికి ఒకే నాబ్ ఉంది. ఒక మోడ్‌లో అది దిగే కోణాన్ని చెప్తుంది, మరో మోడ్‌లో దిగే వేగాన్ని చెప్తుంది. 3.3 డిగ్రీల కోణంలో దిగాలనుకున్న పైలట్లు, మోడ్ గమనించక, నిమిషానికి 3,300 అడుగుల వేగంతో దిగమని ఆదేశించి ఉంటారని దర్యాప్తులో తేలిన ప్రధానమైన ఊహ. తెరమీద ఒకదానికి 3.3 అనీ, రెండోదానికి 33 అనీ పడేది. మధ్యలో ఒక్క చుక్క తేడా. వాళ్ళేమీ పంచెకట్టిన రైతులు కారు, శిక్షణ పొందిన పైలట్లు. తర్వాత ఆ కంపెనీ ఏం చేసిందో చూడండి. వేగం అయితే నాలుగు అంకెలూ పూర్తిగా కనబడేటట్టు తెరను మార్చింది. పైలట్లను "మీకు తిప్పేది రాదు" అని ఊరుకోలేదు.

ఈ సంగతి ముందే గ్రహించినవాళ్ళు లేకపోలేదు. కంప్యూటర్లో కత్తిరించి అతికించే పద్ధతిని రూపొందించినవాళ్ళలో ఒకడైన లారీ టెస్లర్ (1945–2020) జీవితమంతా మోడ్‌ల మీద యుద్ధం చేశాడు. తన కారు నంబరు పలక మీద కూడా "నో మోడ్స్" అని రాయించుకున్నాడు. జెఫ్ రాస్కిన్ అనే మరో నిపుణుడు 2000లో వచ్చిన తన పుస్తకంలో మంచి ఉపాయం చెప్పాడు. మోడ్ తప్పనిసరైతే, మనిషి వేలితో పట్టుకున్నంతసేపే ఆ మోడ్ ఉండాలి, వదిలితే పోవాలి అని. అప్పుడు మోడ్‌ను గుర్తుపెట్టుకునే భారం తల మీద పడదు. వేలే గుర్తుపెట్టుకుంటుంది.

ఆ ఉపాయం ఎంత గొప్పదో ఇవాళ మన ఊళ్ళలోనే చూడొచ్చు. 2013లో వాట్సాప్‌లో గొంతు సందేశాలు వచ్చాయి. మైకు బొమ్మను అదిమి పట్టుకుంటే మాట ఎక్కుతుంది, వదిలితే పోతుంది. అక్షరం రాని తల్లులు రాయచోటి నుంచి కువైట్‌కు రోజుకు పది సందేశాలు పంపుతున్నారు. ఒక్కరన్నా "మనకు సదువు లేదు గదప్పా" అనడం నేను వినలేదు. అదే తల్లులు, అవే వేళ్ళు. మారింది మీట.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. మా డిపార్ట్‌మెంటులోనే ఒక యువ లెక్చరర్ నాతో వాదించాడు: "శనగగింజంత ఇయర్‌ఫోన్‌లో అయిదు బటన్లు ఎక్కడ పెడతారు సార్? ఒక బటన్‌తో పది పనులు చేయించడమే గదా తెలివి? ధర కూడా తగ్గుతుంది." ఈ మాటలో న్యాయం ఉంది, కాదనను. మోడ్ అనేదే పాపం అని నా వాదం కాదు. మన ఇంటి చాకు కూరగాయలూ కోస్తుంది, తాడూ కోస్తుంది. కాని చేతిలో ఉన్నది చాకో గరిటో పట్టుకుంటే తెలుస్తుంది. మోడ్ ఉండటం తప్పు కాదు, మోడ్ దాక్కుని ఉండటం తప్పు.

దీన్నిబట్టి నాకు తోచిన నియమాలు మూడు చెప్తాను.

మొదటిది, యంత్రం ఏ స్థితిలో ఉందో చెప్పాలి. కంటికి చెప్పలేకపోతే చెవికి చెప్పాలి. అది మన భాషలో చెప్పాలి. ఫోన్ లోపల తెలుగు మాట్లాడే గొంతు ఇప్పుడు ఉండనే ఉంది. "ఫోన్ ఆపుతున్నాను" అని ఒక్క మాట తెలుగులో అంటే బస్సులో పెద్దాయన వేలు వెనక్కి తీసుకునేవాడు. కళ్ళులేని విద్యార్థులకు ఇది సౌకర్యం కాదు, అవసరం. చెవితోనే పాఠం వినేవాళ్ళకు ఒక మీట రెండు నాలుకలతో మాట్లాడితే పాఠమే పోతుంది.

రెండోది, పోగొట్టే పని కష్టంగా ఉండాలి. పాత క్యాసెట్ తయారుచేసినవాళ్ళకు ఈ బుద్ధి ఉంది, మెచ్చుకోవాలి. చెరిపి రాయాలంటే రెండు మీటలు కలిపి నొక్కాలని పెట్టారు. క్యాసెట్ వీపున ఉండే చిన్న ప్లాస్టిక్ పలక విరిచేస్తే రికార్డు మీట అసలు దిగేది కాదు. పాటను ఆపడం, మనిషి మాటను తెంపడం సమానమైన పనులు కావు. రెండింటికీ ఒకే తేలికపాటి నొక్కుడు పెట్టడం అన్యాయం.

మూడోది, పాత అలవాటును గౌరవించాలి. కొత్త యంత్రం పాతదాని మీటను తీసుకుంటే దాని అర్థాన్ని కూడా తీసుకోవాలి. నాబ్‌ను చివరిదాకా తిప్పితే ఆగుతుందని ఒక తరం మొత్తానికి నేర్పి, తర్వాతి పెట్టెలో "టిక్" తీసేసి, ఆగలేదని చెప్పకపోవడం నమ్మకద్రోహం లాంటిది.

ఇదంతా జపాను వాళ్ళకు, అమెరికా వాళ్ళకు చెప్పుకోవాలి గాని మాకెందుకు అంటారా? మీకే. మన కర్నూలు, కడప పిల్లలు ఇంజనీరింగ్ చదివి హైదరాబాదు, బెంగుళూరుల్లో సాఫ్ట్‌వేర్ రాస్తున్నారు. ఆ బటన్‌కు ఏ అర్థం చెప్పాలో నిర్ణయించే గదిలో రేపు మీలో ఎవరో ఒకరు కూర్చుంటారు. అప్పుడు మీ జేజిని తలుచుకోండి. చివరి సంవత్సరం ప్రాజెక్టు పని చేసేవాళ్ళు దాన్ని తోటి విద్యార్థి చేతికిచ్చి "బాగుందా?" అని అడగొద్దు. సెలవుల్లో ఊరికి తీసుకుపోయి మీ అవ్వ చేతికివ్వండి. ఏమీ చెప్పకుండా పక్కన కూర్చోండి. ఆమె వేలు ఎక్కడ ఆగితే అక్కడ మీ లోపం ఉంది. ఆమెను దిద్దొద్దు, దాన్ని దిద్దండి.

విద్యార్థి సంఘానికి ఇంకొక విన్నపం. చెక్కభజన పాటలు, కోలాటం పాటలు, విత్తనాలప్పటి పాటలు వచ్చిన ముసలివాళ్ళు మన రెండు జిల్లాల పల్లెల్లో ఇంకా ఉన్నారు. ప్రతి విద్యార్థి జేబులోనూ రికార్డు చేసే యంత్రం ఉంది. ఈ సెలవుల్లో ఒక్కొక్కరు ఒక్క గొంతును పట్టుకొస్తే వచ్చే ఏడాదికి మన లైబ్రరీలో ఎంత భాగ్యం చేరుతుందో ఆలోచించండి. కాని ఒక్క జాగ్రత్త. ముందు ఒక్క నిమిషం రికార్డు చేసి, వెనక్కి తిప్పి, ఆ మనిషికే వినిపించండి. తర్వాతే అసలు పాట అడగండి. నేను ఆ ఒక్క నిమిషం ఆగలేదు.

చిన్నాయన 1994లో కువైట్ నుంచి తిరిగి వచ్చేశాడు. ఆ క్యాసెట్ ఆయన దగ్గర ఇప్పటికీ ఉంది. దాని వీపున పలకలు రెండూ విరిచేసి ఉన్నాయి, ఎవరూ దాని మీద వేరే పాట ఎక్కించకుండా. "అందులో ఉన్నది గొంగళిపురుగుల మందే గదా చిన్నాయనా, ఎందుకు దాచినావు?" అని ఒకసారి అడిగాను. "మా యమ్మ మాట్లాడేటప్పుడు ముందర తిరిగిన టేపురా అది" అన్నాడు.

ఇంకో ఇంట్లో ఇంకొకరు అట్లాంటి క్యాసెట్‌ను దాచుకోవలసిన గతి రాకూడదు. అది మీట చేసేవాడి చేతిలో ఉంది. రేపు ఆ మీట చేయబోయేవాళ్ళు మీరు.